వరంగల్ నుంచి శంషాబాద్ దాకా: తక్కువ ఖర్చులో ఎయిర్‌పోర్ట్ లౌంజ్ వాడుకోవడం ఎలా?

తెల్లవారుజామున నాలుగింటికి విమానం అనుకోండి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఓ నిద్ర తీసి, రాత్రి పన్నెండింటికి క్యాబ్ పిలుచుకుంటారు. హన్మకొండ మనిషి మాత్రం సాయంత్రం ఆరింటికే అట్టపెట్టెలకు తాళ్లు బిగించి గుమ్మంలో నిలబడతాడు. శంషాబాద్ మనకు సుమారు 170 కిలోమీటర్లు. జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే మూడు గంటల పైచిలుకు. కానీ ఇంట్లో "నడుమల టైరు పంచరైతే ఎట్లరా?" అనే బాపు ఒకరుంటారు. ఆయన మాట మీద ఇంకో మూడు గంటలు కలుస్తాయి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ల పరిస్థితీ ఇదే.

అందుకే ఎయిర్‌పోర్ట్‌లో కూర్చునే గంటలు మనకే ఎక్కువ. ఆ గంటల్లో ఒక దోశ, రెండు టీలు, ఒక నీళ్ల సీసా కొంటే బిల్లు ఎంతవుతుందో ఒకసారి వెళ్లొచ్చిన వాళ్లకు తెలుసు. వరంగల్ పక్కనే ఉన్న మామునూరులో విమానాలు దిగే రోజు వస్తే ఈ బాధ కొంత తీరుతుంది. నిజాం కాలంలో కట్టిన ఆ పాత విమానాశ్రయానికి, శంషాబాద్ నుంచి 150 కిలోమీటర్ల లోపు ఇంకొకటి రాకూడదన్న ఒప్పందం చాలా ఏళ్లు అడ్డుపడింది. 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అప్పటిదాకా మన దారి ఘట్‌కేసర్ మీదుగానే.

లౌంజ్ అంటే సెక్యూరిటీ చెక్ దాటాక లోపల ఉండే ప్రత్యేకమైన కూర్చునే చోటు. మెత్తటి కుర్చీలు, వైఫై, ఫోన్ ఛార్జింగ్, మనమే వడ్డించుకుని తినే టిఫిన్లు, అన్నం, కూరలు, టీ, కాఫీ ఉంటాయి. కొన్నిచోట్ల స్నానాల గది కూడా ఉంటుంది. బిజినెస్ క్లాస్ వాళ్లకే అనుకుని చాలామంది ఆ తలుపు వైపు చూడకుండా వెళ్లిపోతారు. మొదటిసారి మా అమ్మను తీసుకెళ్లినప్పుడు ప్లేటు చేతికిస్తే పట్టుకోలేదు. "గీ తిండికి పైసలెంత బిడ్డా, ముందు అది చెప్పు" అంది. ఆ ప్రశ్నకు జవాబు కోసమే ఇదంతా.

డబ్బు ఎవరు కడుతున్నారో ముందు తెలుసుకోండి

లౌంజ్‌లో ఏదీ ఊరికే రాదు. మీరు కార్డు గీకి లోపలికి వెళ్లిన ప్రతిసారీ, తలకు ఇంత అని లౌంజ్ వాళ్లకు మీ బ్యాంకో, రూపే, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి సంస్థో కడుతుంది. మధ్యలో లెక్కలు చూసే కంపెనీ ఒకటి ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌లో రైతుకూ కొనేవాడికీ మధ్య అడ్తిదారు ఉన్నట్టే. మన దేశంలో ఈ అడ్తి వ్యాపారం చాలాకాలం ఎక్కువగా డ్రీమ్‌ఫోక్స్ అనే కంపెనీ చేతిలో ఉండేది. 2024 సెప్టెంబరులో ఒక రోజు దాని సేవ ఆగితే ఎన్నో విమానాశ్రయాల్లో కార్డులు పనిచేయలేదు. 2025 సెప్టెంబరులో ఆ కంపెనీ దేశీయ లౌంజ్‌ల వ్యాపారం నుంచే తప్పుకుంది. ఆ తర్వాత బ్యాంకులు లౌంజ్‌లతో నేరుగానో, వేరే కంపెనీల ద్వారానో ఒప్పందాలు చేసుకున్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కార్డు వాడేవాళ్లు పెరిగి లౌంజ్‌ల ముందు క్యూలు మొదలయ్యాక బ్యాంకులకు ఖర్చు తడిసి మోపెడైంది. అప్పటినుంచి షరతులు బిగిస్తూ వస్తున్నాయి. రెండేళ్ల కింద మీ బావమరిది చెప్పిన "ఈ కార్డుకు ఫ్రీ" అన్న మాట ఈరోజు చెల్లకపోవచ్చు.

మొదటి అడుగు: ఇంట్లో ఉన్న కార్డులన్నీ ముందు పెట్టుకోండి

కొత్త కార్డు కోసం వెతకకండి. ముందు బీరువాలో, పర్సులో, పాస్‌బుక్ కవర్లో ఉన్నవన్నీ తీయండి. డెబిట్ కార్డులు కూడా. చాలామంది లౌంజ్ అనగానే క్రెడిట్ కార్డే అనుకుంటారు. ఏటా డెబిట్ కార్డుకు ఖాతాలోంచి రుసుము పోతూనే ఉంటుంది, దాంతో ఏమొస్తుందో మాత్రం చూడరు.

కార్డు మీద రెండు సంగతులు చూడండి: ఏ నెట్‌వర్క్, ఏ రకం. రూపేలో క్లాసిక్, ప్లాటినం, సెలెక్ట్ అని ఉంటాయి. జన్‌ధన్ ఖాతాకు ఇచ్చే మామూలు కార్డుకు లౌంజ్ ఆశ పెట్టుకోకండి. పై రకం సెలెక్ట్ డెబిట్ కార్డుకు, 2025 ఏప్రిల్ నుంచి రూపే అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం, మూడు నెలలకు ఒకసారి దేశీయ లౌంజ్, ఏడాదికి రెండుసార్లు అంతర్జాతీయ లౌంజ్ ఉన్నాయి. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో కూడా ప్లాటినం, సిగ్నేచర్, వరల్డ్ లాంటి పై రకాలకే ఈ వసతి ఎక్కువగా ఉంటుంది.

ఆ తర్వాత బ్యాంకు యాప్‌లో మీ కార్డు పేరుతోనే ఉన్న పేజీ తెరిచి నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఎన్నిసార్లు? దేశీయమా, అంతర్జాతీయమా? ముందుగా ఎంత ఖర్చు చేసి ఉండాలి? శంషాబాద్ లౌంజ్ ఆ జాబితాలో ఉందా? బ్రాంచికి వెళ్లి అడిగితే "ఉంటది సార్" అంటారు. ఆ "ఉంటది"ని నమ్ముకుని కౌంటర్ ముందు నిలబడకండి.

రెండో అడుగు: పోయిన మూడు నెలల ఖర్చు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, నాతో సహా. బ్యాంకుల భాషలో దీన్ని క్వార్టర్ అంటారు. మనవాళ్లకు ఆ మాటకు వేరే అర్థం ఉంది కాబట్టి మూడు నెలలు అనే అందాం. జనవరి–మార్చి, ఏప్రిల్–జూన్, జులై–సెప్టెంబరు, అక్టోబరు–డిసెంబరు. చాలా కార్డులకు పద్ధతి ఏమిటంటే, గడిచిన మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తే ఈ మూడు నెలల్లో లౌంజ్ తెరుచుకుంటుంది.

ఆ "ఇంత" ఎలా పెరుగుతుందో చూడండి. ఐసీఐసీఐ బ్యాంకు తన చాలా క్రెడిట్ కార్డులకు 2024 ఏప్రిల్‌లో 35,000 రూపాయల షరతు పెట్టింది. అదే ఏడాది నవంబరులో దాన్ని 75,000 చేసింది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు రెగాలియా కార్డుకు 2023 డిసెంబరు నుంచి మూడు నెలలకు లక్ష రూపాయలు అంది. ఈ అంకెలు కూడా మారుతుంటాయి, కాబట్టి ప్రయాణం ఖాయం కాగానే మళ్లీ చూసుకోవాలి.

నా సంగతి చెబుతాను. ఒక వేసవిలో మే నెలలో ఢిల్లీ ప్రయాణం పెట్టుకున్నాం. టికెట్లు, ఎండాకాలం బట్టలు, కూలర్ రిపేరు అన్నీ ఏప్రిల్‌లో ఆ కార్డుతోనే కట్టాను. ఖర్చు షరతు దాటిందని ధీమాగా కౌంటర్ దగ్గర కార్డు ఇచ్చాను. మిషన్ ఒప్పుకోలేదు. రెండోసారి గీకినా అంతే. వెనక క్యూలో జనం. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది: "సార్, మీరు ఏప్రిల్‌లో పెట్టిన ఖర్చు జులై తర్వాత పనికొస్తుంది." మేలో వెళ్లేవాడు జనవరి నుంచి మార్చి మధ్య ఖర్చు చేసి ఉండాలన్నమాట. నా పొరపాటే కానీ, బ్యాంకు పంపిన మెసేజ్‌లో ఆ ముక్క ఎక్కడా తేటగా లేదు.

కాబట్టి ప్రయాణం నెల నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సంక్రాంతికి జనవరిలో ఎగిరేవాళ్లు అక్టోబరు–డిసెంబరు చూసుకోవాలి. దసరాకు అక్టోబరులో అయితే జులై–సెప్టెంబరు. పిల్లల స్కూలు ఫీజు, బండి ఇన్సూరెన్స్, కరెంటు బిల్లు లాంటి ఎలాగూ కట్టాల్సినవి ఆ మూడు నెలల్లో ఒకే కార్డు మీదకు తెచ్చుకుంటే చాలామందికి షరతు దానంతటదే నిండుతుంది. అయితే పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసుకున్న డబ్బు, ఈఎంఐగా మార్చుకున్న మొత్తం, ఏటీఎంలో తీసిన నగదు లాంటివాటిలో కొన్నింటినో, అన్నింటినో చాలా బ్యాంకులు లెక్కలోకి తీసుకోవు. డెబిట్ కార్డు విషయంలో, ఖాతా నుంచి ఫోన్‌పేలో పంపిన డబ్బు కార్డు ఖర్చు కాదు. కార్డే గీకాలి.

షరతు నిండించడానికి అవసరం లేని టీవీ కొంటే మాత్రం, ఆ లౌంజ్ ఇడ్లీ ప్రపంచంలోనే అతి ఖరీదైన ఇడ్లీ అవుతుంది.

మూడో అడుగు: కొత్త కార్డు తీసుకోవాలా?

ఏడాదికి ఎన్నిసార్లు విమానం ఎక్కుతారో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఒక కార్డు ఏడాది రుసుము 1,499 రూపాయలు అనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 1,769. ఏడాదికి రెండుసార్లు లౌంజ్‌కు వెళ్తే ఒక్కోసారికి 884 పడింది. నాలుగుసార్లయితే 442. ఏడాదికి ఒక్కసారే ప్రయాణమైతే ఆ కార్డు మీకు వద్దు. ఆ ఒక్కరోజు హాయిగా డబ్బు పెట్టి తినండి, అంతకంటే తక్కువే అవుతుంది.

ఇంకో లెక్క కూడా చూడండి. క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ చాలా కార్డులకు నెలకు మూడున్నర శాతం పైనే. 20,000 బాకీ ఒక నెల ఆగిందనుకోండి. నెలకు 3.75 శాతం చొప్పున 750 వడ్డీ, దాని మీద జీఎస్టీ 135, మొత్తం 885. ఒకసారి లౌంజ్‌కు వెళ్లిన ఖర్చు ఒక్క నెల వడ్డీలోనే పోయింది. బిల్లు గడువుకు కట్టే అలవాటు లేనివాళ్లు క్రెడిట్ కార్డు జోలికి పోకుండా పై రకం డెబిట్ కార్డుతో సరిపెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

జీతం స్లిప్ లేనివాళ్లు, అంటే రైతులు, చిన్న దుకాణం నడిపేవాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు అడగొచ్చు. చాలా బ్యాంకులు ఇస్తాయి. కానీ అలాంటివాటిలో లౌంజ్ లేనివే ఎక్కువ. సంతకం పెట్టేముందు అడగండి.

మాల్‌లోనో, ఎయిర్‌పోర్ట్‌లోనో స్టాల్ పెట్టుకుని "లైఫ్‌టైం ఫ్రీ సార్, లౌంజ్ ఫ్రీ సార్" అని పిలిచేవాళ్లు ఉంటారు. కోపం వద్దు, వాళ్లకూ టార్గెట్లు ఉంటాయి. కార్డు పూర్తి పేరు అడిగి, ఫోన్‌లో రాసుకుని, ఇంటికొచ్చి షరతులు చదివాక నిర్ణయించుకోండి.

నాలుగో అడుగు: అమ్మానాన్నలు అమెరికా వెళ్తుంటే

మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యే సందర్భం ఇదే. బిడ్డ కాన్పుకని తల్లిదండ్రులు మొదటిసారి విమానం ఎక్కుతారు. దోహాలోనో, దుబాయ్‌లోనో, అబుధాబిలోనో మధ్యలో ఐదారు గంటలు ఆగాలి. కొడుకేమో ఇక్కడినుంచి "నా కార్డు తీసుకుపో బాపూ" అని చేతిలో పెడతాడు. పనిచేయదు. కార్డు మీది పేరు, బోర్డింగ్ పాస్ మీది పేరు ఒకటే ఉండాలి. కార్డు ఉన్న మనిషి స్వయంగా ఎదురుగా ఉండాలి.

అందుకని ఎవరి కార్డు వాళ్లకు ఉండాలి. పింఛను ఖాతా ఉన్న బాపుకు, పొదుపు ఖాతా ఉన్న అమ్మకు, వాళ్ల వాళ్ల బ్యాంకుల్లోనే పై రకం డెబిట్ కార్డుకు మార్పించమని దరఖాస్తు ఇవ్వండి. ప్రయాణానికి కనీసం నాలుగైదు నెలల ముందు ఈ పని మొదలుపెట్టాలి. ఖర్చు షరతు ఉంటే దాన్ని నిండించడానికీ సమయం కావాలి కదా. ఏడాది రుసుము ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఇంకో దారి, మీ క్రెడిట్ కార్డు మీద వాళ్ల పేరుతో యాడ్-ఆన్ కార్డు తీసుకోవడం. కొన్ని కార్డుల్లో యాడ్-ఆన్‌కు కూడా లౌంజ్ ఉంటుంది, కొన్నింటిలో మీ లెక్కలోంచే తగ్గుతుంది, మరికొన్నింటిలో అసలు ఉండదు.

ఇక ప్రయారిటీ పాస్. ఇది 1992లో మొదలైన సభ్యత్వ పథకం. ప్రపంచవ్యాప్తంగా వెయ్యికి పైగా లౌంజ్‌లలో చెల్లుతుంది. నేరుగా కొంటే మామూలు సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు, ఆపైన వెళ్లిన ప్రతిసారీ 35 డాలర్లు. మనలాంటివాళ్లకు అది దండగ. కొన్ని క్రెడిట్ కార్డులతో ఇది ఉచితంగా వస్తుంది. అయితే అలా వచ్చిన పాస్‌లో ఒక మెలిక ఉంటుంది. చాలావాటికి ఉచితం భారతదేశం బయటి లౌంజ్‌లకే. శంషాబాద్‌లో అదే పాస్ చూపిస్తే నవ్వుతూ లోపలికి పంపుతారు, నెల తర్వాత బిల్లులో డాలర్ల లెక్క కనిపిస్తుంది. వెంట తీసుకెళ్లిన మనిషికి కూడా విడిగా పడుతుంది. అమ్మ పాస్ మీద బాపు కూడా వెళ్తే అది ఇద్దరికీ ఉచితం కాదని వాళ్లకు ముందే చెప్పండి.

చక్రాల కుర్చీ సాయం తీసుకునే పెద్దవాళ్లైతే, కుర్చీ తోసే మనిషికి మొదట్లోనే లౌంజ్‌కు వెళ్తామని చెప్పాలి. లేదంటే నేరుగా గేటు దగ్గర దింపేసి వెళ్లిపోతాడు. తిరిగి గేటుకు తీసుకెళ్లడానికి ఎవరు, ఎన్నింటికి వస్తారో కూడా అడగమనండి.

ఐదో అడుగు: ఇల్లు కదిలే ముందు

కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫోటో చెల్లదు. కొన్ని బ్యాంకులు ఇప్పుడు కార్డు గీకడం మానేసి వోచరో, క్యూఆర్ కోడో ఇస్తున్నాయి. దాన్ని యాప్‌లో ముందే తీసి పెట్టుకోండి. ఎయిర్‌పోర్ట్‌లో ఓటీపీ రాక తిప్పలు పడేవాళ్లను చూశాను.

విదేశాల్లో వాడాలంటే కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డులన్నింటికీ అది మొదట ఆపేసే ఉంటుంది. యాప్‌లో ఒక మీట నొక్కితే సరి. దోహాలో దిగాక గుర్తొస్తే, మన సిమ్ పనిచేయక ఆ మీట నొక్కడం కూడా కుదరకపోవచ్చు.

ఇక సమయం. చాలా లౌంజ్‌లు విమానం వేళకు మూడు గంటల ముందు నుంచే రానిస్తాయి. ఉండనిచ్చేది రెండు మూడు గంటలే. నాలుగింటి విమానానికి రాత్రి తొమ్మిదికే దిగిన వరంగల్ మనిషికి లౌంజ్ ఒంటిగంట తర్వాతే. దానికి తోడు సామాను ఇచ్చే కౌంటర్, ఇమిగ్రేషన్ వరుసలు దాటాలి. లౌంజ్ ఉంది కదా అని ఇంకా ముందు బయలుదేరడంలో అర్థం లేదు. రాత్రి భోజనం ఇంట్లోనో, జనగామ దాటాక దారిలోనో చేసి, లౌంజ్‌ను నడిరాత్రి విశ్రాంతికి దాచుకోండి. రైల్లో సికింద్రాబాద్ వచ్చి పుష్పక్ బస్సు ఎక్కేవాళ్లు కూడా ఇదే లెక్క వేసుకోవచ్చు.

ఆరో అడుగు: కౌంటర్ దగ్గర

కార్డు ఇచ్చేముందు మూడు మాటలు అడగండి: "ఈ కార్డు చెల్లుతుందా? నాకు ఉచితమేనా? పక్కనున్న మనిషికి ఎంత?" పిల్లలకు ఏ వయసు దాకా డబ్బు లేదో కూడా లౌంజ్‌ను బట్టి మారుతుంది. సరిచూడటానికి 2 రూపాయలో, కొన్ని కార్డులకు 25 రూపాయలో ఖాతాలోంచి తీసుకుంటారు. అది మామూలే. మెసేజ్‌లో అంతకు మించి కనిపిస్తే అక్కడే అడగాలి. రసీదు ఫోటో తీసుకోండి, మూడు నెలల తర్వాత గొడవ వస్తే అదే సాక్ష్యం.

దేశీయ ప్రయాణికుడు అంతర్జాతీయ వైపు లౌంజ్‌కు వెళ్లలేడు. లోపలి తిండి బయటికి తీసుకుపోనివ్వరు. మద్యం కొన్నిచోట్ల విడిగా డబ్బు పెట్టి కొనాలి, గ్లాసు ముట్టుకునే ముందే అడిగి తెలుసుకోండి.

కార్డు లేకపోతే

కౌంటర్‌లో డబ్బు కట్టి కూడా వెళ్లొచ్చు, సాధారణంగా నాలుగంకెల మొత్తం అవుతుంది. కొన్ని విమాన సంస్థలు టికెట్‌తో పాటే లౌంజ్‌ను అమ్ముతాయి. రెండు ధరలూ పోల్చి చూడండి. గంట సమయమే ఉన్నవాళ్లకు ఏదీ గిట్టుబాటు కాదు. ఐదు గంటలు ఆగాల్సిన ముసలివాళ్లకు మాత్రం డబ్బు పెట్టినా తప్పు లేదంటాను.

విమానం ఆలస్యమైతే ఇంకో హక్కు ఉంది. రెండున్నర గంటల లోపు ప్రయాణం ఉన్న విమానం రెండు గంటలు, ఐదు గంటల లోపు ప్రయాణమైతే మూడు గంటలు, అంతకు మించిన దూరాలకైతే నాలుగు గంటలు ఆలస్యమవుతుందని తెలిస్తే, సమయానికి చెక్-ఇన్ చేసినవాళ్లకు విమాన సంస్థే తిండి, పానీయాలు ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. అడగనివాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఏదీ కుదరకపోతే ఇంటి డబ్బా ఉండనే ఉంది. సకినాలు, సర్వపిండి, చపాతీల్లాంటి పొడి తిండిని సెక్యూరిటీ దగ్గర సాధారణంగా ఆపరు. పచ్చడి సీసా మాత్రం చేతి సంచిలో వద్దు, పెద్ద సామానులో వేయండి. ఖాళీ నీళ్ల సీసా తీసుకెళ్లి లోపల నింపుకోవచ్చు.

లోపల కూర్చున్నాక

ఫోన్‌లో అలారం పెట్టుకోండి. చాలా విమానాశ్రయాల్లో బోర్డింగ్ పిలుపులు మైకులో వినిపించడం తగ్గిపోయింది. లౌంజ్ లోపల అసలే వినబడవు. దేశీయ విమానాలకు సాధారణంగా 25 నిమిషాల ముందే గేటు మూసేస్తారు. లౌంజ్ నుంచి గేటుకు నడక పది పదిహేను నిమిషాలు ఉండొచ్చు. గంట ముందు లేచి, తెరమీద గేటు నంబరు మళ్లీ ఒకసారి చూసి కదలండి. మా అమ్మ ఇప్పటికీ గంటన్నర ముందే లేస్తుంది. ఆమె పక్కన కూర్చుని రెండో కాఫీ నేను ఇంతవరకు పూర్తి చేయలేదు.